పోకర్ చిప్స్ మీద సొంత లేబుళ్లు వేయించాలి: సైజు, మెటీరియల్, డిజైన్ గురించి చెప్పండి

ఫ్రిస్కో_శీను

అందరికీ నమస్కారం. ఉండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. హాస్టల్లో కలిసి చదివిన వాళ్లం చాలామందిమి ఇటువైపే స్థిరపడ్డాం. నెలకో శనివారం ఎవరో ఒకరింట్లో చేరి టెక్సస్ హోల్డెమ్ రకం పోకర్ ఆడుకుంటాం. డిసెంబరులో ఇండియా నుంచి మిగతా బ్యాచ్ కూడా వస్తోంది. ఈలోగా మా చిప్స్ (ఆటలో లెక్కకి వాడే బిళ్లలు) మీద బ్యాచ్ గుర్తుగా సొంత లేబుళ్లు వేయించాలని నా ఆశ.

ఉన్నది మామూలు 500 చిప్స్ అల్యూమినియం పెట్టె, ఒక్కోటి 13.5 గ్రాముల రకం. తెల్లవి 150, ఎర్రవి 150, ఆకుపచ్చవి 100, నీలం 50, నల్లవి 50. మధ్యలో చిన్న గుండ్రటి స్టిక్కర్, దాని మీద అంకె. అది పీకేసి మాది అంటించాలి. ఇరానీ చాయ్ గ్లాసు, ఉస్మానియా బిస్కెట్, మెస్సులో ఇచ్చే నీళ్ల సాంబారు బకెట్టు, అర్ధరాత్రి బిర్యానీ పొట్లం, అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న చిప్పు మీద వార్డెన్ గారి మీసాలు. మీసాలు మాత్రమే, ముఖం కాదు.

ఏ సైజు చేయించాలి? కాగితమా, వినైలా (ప్లాస్టిక్ షీటు)? ఇక్కడే చేయించనా, నవంబరులో మా బావమరిది రాజమండ్రి నుంచి వస్తున్నాడు, అక్కడ చేయించి తెప్పించనా? తెలుగులో రాయిస్తే అక్షరాలు విరిగిపోతాయేమోనని ఇంకో టెన్షన్.

రివర్_రాజా

శీను గారూ, స్టిక్కర్ సంగతి తర్వాత. ముందు ఏ అంకె చిప్పు ఎన్ని కావాలో తేల్చండి. చాలామంది 500 చిప్స్‌కీ లేబుళ్లు కొట్టించి, సగం పెట్టెలోంచి బయటికే తియ్యరు.

టోర్నమెంట్ పద్ధతిలో ఆడితే మనిషికి 10,000 పాయింట్లు ఇచ్చి 25-50 (ప్రతి ఆటకీ ముందు ఇద్దరు తప్పనిసరిగా వేసేవి) బ్లైండ్స్‌తో మొదలుపెట్టడం మామూలు. దానికి 25లు ఎనిమిది, 100లు ఎనిమిది, 500లు నాలుగు, 1000లు ఏడు సరిపోతాయి. కూడి చూడండి: 200, 800, 2000, 7000. మొత్తం 27 చిప్స్. పది మందికి 270. బ్లైండ్స్ పెరిగాక 25లు, ఆ తర్వాత 100లు తీసేసి పెద్దవిగా మార్చాలి కాబట్టి ఇంకో పది 1000లు, ఇరవై 5000లు పక్కన పెట్టుకోండి. 300తో పని అయిపోతుంది. రెండు వైపులా కలిపి 600 లేబుళ్లు.

మీ పెట్టెలో ఉన్న రంగుల లెక్క దీనికి భలే కుదిరింది. 25కి తెలుపు, 100కి ఎరుపు, 500కి నీలం, 1000కి పచ్చ, 5000కి నలుపు. ఏ రంగూ తక్కువ పడదు.

ఇంకో మాట. ఇంత కష్టం ఎందుకు, సిరామిక్ చిప్స్ చేయించుకోవచ్చుగా? వాటికి స్టిక్కరే ఉండదు, బొమ్మ నేరుగా చిప్పు మీదే ముద్రిస్తారు. అంచు మీద కూడా వేస్తారు. ఊడేది లేదు, చిరిగేది లేదు. బరువు 10 గ్రాముల చుట్టూ ఉంటుంది. దాదాపు క్యాసినో చిప్స్ బరువే. ఈ 13.5 గ్రాముల రకంలో అదనపు బరువు ప్లాస్టిక్ మధ్యలో పెట్టిన ఇనుప బిళ్లది.

కూకట్‌పల్లి_కిట్టు

సిరామిక్ అంట. మనవాడు పెట్టెలో ఉన్న చిప్స్‌కి స్టిక్కర్ అడిగితే కొత్త పెట్టె కొనమంటున్నాడు రాజా అన్న 😀

శీను అన్నా, ఇంట్లో ప్రింటర్ ఉందిగా. ఫోటో స్టిక్కర్ పేపర్ కొను, ప్రింట్ కొట్టు, కత్తెరతో కత్తిరించు. పాత స్టిక్కర్ జిగురు పోవాలంటే వదిన నెయిల్ పాలిష్ రిమూవర్ తీసుకో. ఒక్క ఆదివారం పని.

రేడియం_బాబ్జీ

కిట్టు తమ్ముడూ, ఆగాగు. శీను గారూ, ఆ రిమూవర్ జోలికి వెళ్లొద్దు. అందులో ఎక్కువగా అసిటోన్ ఉంటుంది. ఈ చిప్స్ చాలావరకు ఏబీఎస్ ప్లాస్టిక్. అసిటోన్ తగిలితే ఏబీఎస్ కరుగుతుంది. మెరుపు పోయి, జిడ్డు జిడ్డుగా మెత్తబడి, వేలిముద్ర పడితే అలాగే ఉండిపోతుంది. పెట్టె మీద 'క్లే కాంపోజిట్' (మట్టి మిశ్రమం) అని రాసి ఉన్నా నమ్మొద్దు. ఆ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే.

మాది రాజమండ్రిలో రేడియం స్టిక్కర్ల షాపు. బళ్ల మీద 'అమ్మ ఆశీస్సులు' దగ్గర్నుంచి ఆటోల వెనక డైలాగుల దాకా అన్నీ కొడతాం. చిప్స్ పని కూడా చేశాను, అందుకే చెబుతున్నా.

పాత స్టిక్కర్ తీయడానికి హెయిర్ డ్రయ్యర్ చాలు. కాసేపు వేడి గాలి పట్టించి, గోటితో అంచు లేపి, నెమ్మదిగా పడుకోబెట్టినట్టు లాగండి. నిటారుగా పైకి లాగితే పైన కాగితం వచ్చేసి జిగురు కిందే ఉండిపోతుంది. మిగిలిన జిగురు మీద నీలగిరి తైలం దూదితో రాసి, కాసేపాగి తుడిస్తే పోతుంది. ఆ నూనె జిడ్డు ఉండగా కొత్త స్టిక్కర్ వేస్తే వారం తిరక్కుండా లేస్తుంది కాబట్టి చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. కొత్త చిప్స్ మీదైనా అంతే. అచ్చులోంచి తీసేటప్పుడు రాసిన నూనె పొర వాటి మీద ఉంటుంది.

మెటీరియల్ అంటే వినైలే. కాగితం వద్దు. మీరు ఆడేటప్పుడు పక్కన మిర్చి బజ్జీ, చికెన్ పకోడీ ఉండవా? కాగితం స్టిక్కర్ నూనె పీల్చుకుంటుంది. తెల్ల చిప్పు మీద పసుపు మరక పడిందంటే ఇక ఆ చిప్పు దూరం నుంచే గుర్తుపట్టేస్తారు. వినైల్ మీద మ్యాట్ లామినేషన్ వేయించండి. గ్లాసీ వద్దు, రెండు కారణాలు. లైటు పడితే మెరిసి అంకె కనబడదు. చిప్పు మీద చిప్పు పెడితే జారుతుంది.

కూకట్‌పల్లి_కిట్టు

రిమూవర్ మాట వెనక్కి తీసుకున్నా బాబ్జీ అన్నా. ప్రింటర్ మాట మీద మాత్రం ఉన్నా.

లిపి_లావణ్య

ప్రింటర్ వాడొచ్చు కిట్టు గారూ, కాకపోతే ఏ ఇంకు ఉందో చూసుకోవాలి. ఇంట్లో వాడే చాలా ఇంక్‌జెట్లలో రంగులకి డై ఇంకే ఉంటుంది. చల్లటి గ్లాసు పట్టుకున్న తడి చేత్తో ముట్టుకుంటే అలుక్కుపోతుంది. పిగ్మెంట్ ఇంకు గానీ లేజర్ గానీ అయితే నయం. ఏదైనా పైన లామినేషన్ లేకపోతే రెండు మూడు ఆటలకే అంచులు తెల్లబడతాయి.

నేను న్యూజెర్సీలో ప్యాకేజింగ్ డిజైన్ చేస్తాను. ఇండియాలో ఫైల్ చేసి అమెరికాలో ప్రింట్ కొట్టేవాళ్లందరూ పడే తిప్పలు ఒకటుంది. మన ఫైల్ ఏ4లో ఉంటుంది. ఇక్కడ ప్రింటర్లో ఉండేది లెటర్ సైజు కాగితం, అది ఏ4 కన్నా పొట్టి. 'ఫిట్ టు పేజ్' అని ఉంటే మొత్తం పేజీ కుదించుకుపోతుంది. 297 మిల్లీమీటర్లు 279లో ఇరికించాలి కాబట్టి 25 మి.మీ. లేబుల్ 23.5కి పడిపోతుంది. చూడటానికి తెలియదు, అంటించాక చుట్టూ ఖాళీ కనిపిస్తుంది. 100 శాతం స్కేల్ అని ఎంచుకుని, ఒక్క పేజీ మామూలు కాగితం మీద కొట్టి స్కేలు పెట్టి కొలవండి.

చిప్పు మొత్తం వెడల్పు దాదాపు అన్నిటికీ 39 మి.మీ. మధ్యలో స్టిక్కర్ కూర్చునే గుంట మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. వెర్నియర్ కాలిపర్ ఉంటే గుంట లోపలి వెడల్పు కొలిచి, దానికన్నా అర మిల్లీమీటరు తక్కువకి లేబుల్ కోయించండి. సరిగ్గా అంతే సైజు కోయిస్తే ఏదో ఒక పక్క గోడ ఎక్కి అక్కణ్ణుంచే లేస్తుంది.

డిజైన్ గురించి రాత్రికి రాస్తా, పిల్లల్ని కరాటే క్లాసుకి తీసుకెళ్లాలి.

బెజవాడ_బాబాయి

ఏమయ్యా శీనూ, పోకరు ఒక్కటేనా ఆడేది? మీ నాన్నగారి వయసు వాళ్లొస్తే వాళ్లకి రమ్మీ తప్ప ఇంకోటి రాదు. ఆ చిప్సే రమ్మీకి కూడా పనికొచ్చేలా చెయ్యి.

మా కాలనీలో మేమంతా రిటైరయిన వాళ్లం. పదమూడు ముక్కల రమ్మీలో మొదటి డ్రాపు (మొదట్లోనే ఆట వదిలేస్తే) 20, మిడిల్ డ్రాపు (మధ్యలో వదిలేస్తే) 40, ఫుల్ కౌంట్ 80. బజారులో దొరికే చిప్స్ మీద 1, 5, 25, 100. ఇరవై కట్టాలంటే నాలుగు అయిదులు లెక్కపెట్టాలి, ఎనభై కట్టాలంటే మూడు ఇరవై అయిదులు, ఒక అయిదు. ప్రతి ఆటకీ చిల్లర గోలే. మా వాళ్లబ్బాయి ఒకడు 1, 5, 20 అని లేబుళ్లు వేయించి ఇచ్చాడు. డ్రాపుకి ఒకటి, మిడిల్‌కి రెండు, ఫుల్‌కి నాలుగు. లెక్క చెప్పక్కర్లేదు, బిళ్లలు తోసేయడమే. సొంత లేబుల్ వేయించుకునే వాడికి అసలు లాభం అదయ్యా, కొట్టువాడు అమ్మని అంకె మనం వేసుకోవచ్చు. మీసాలూ బకెట్లూ తర్వాత.

కూకట్‌పల్లి_కిట్టు

బాబాయ్ గారూ సూపర్. అయితే ఒక ఐడియా. చిప్పుకి రెండు వైపులు ఉన్నాయిగా. ఒక పక్క పోకర్ అంకె, రెండో పక్క రమ్మీ అంకె. ఒకే పెట్టెతో రెండు ఆటలు!

రివర్_రాజా

అంతకన్నా పెద్ద తగాదా ఇంకోటి ఉండదు. పాట్‌లోకి (బల్ల మధ్య కుప్పలోకి) విసిరిన చిప్పు ఏ పక్క పడుతుందో ఎవరి చేతిలో ఉంది? 25 అనుకుని వేసినవాడికి అది తిరగబడి 20 కనిపిస్తుంది. వద్దు.

బెజవాడ_బాబాయి

కిట్టూ, నువ్వు మాతో పేకాటకి రావద్దు నాయనా.

రివర్_రాజా

రెండు ఆటలకీ వాడాలంటే వేరే దారి ఉంది. అసలు అంకెలే వేయకండి, రంగూ బొమ్మా మాత్రమే ఉంచండి. ఏ రంగు ఎంతో ఆట మొదలయ్యే ముందు చిన్న కార్డు మీద రాసి బల్ల మధ్యలో పెట్టుకోవాలి. అలవాటైన వాళ్లకి బాగుంటుంది. శీను గారింటికి వచ్చే కొత్తవాళ్లు మాత్రం ప్రతి రెండు నిమిషాలకీ 'ఈ నీలంది ఎంత?' అని అడుగుతూనే ఉంటారు. పైగా శీను గారు 300 మీదే లేబుళ్లు వేస్తే ఇంకా 200 మిగులుతాయి. వాటి మీద బాబాయి గారి 1, 5, 20 వేసుకోవచ్చు. ఒకటే నియమం: పోకర్‌లో వాడిన అంకె రమ్మీవాటి మీద రాకూడదు, లేబుల్ అంచు డిజైన్ కూడా వేరుగా ఉండాలి.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ చెప్పరు. ఇంటి ఆటల్లో చిప్స్ ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. ఇరవై దొంతర ఒకటి లెక్కపెట్టి, మిగతావి దాని పక్కన పెట్టి ఎత్తు సరిచూస్తారు. చిప్పు మందం 3.3 మి.మీ. దగ్గర ఉంటుంది. వినైల్, లామినేషన్ కలిపి 0.12 మి.మీ. అనుకోండి. రెండు వైపులా 0.24. గుంట లేని చదును చిప్పు మీద వేస్తే ఇరవై చిప్స్‌కి 4.8 మి.మీ. పెరుగుతుంది. అంటే ఒక చిప్పు కన్నా ఎక్కువ. లేబుల్ ఉన్న దొంతర, లేనిది పక్కపక్కన పెడితే ఇరవైకి పందొమ్మిదే అనిపిస్తాయి. అందుకే గుంట ఉన్న చిప్స్ మీదే వేయండి, లేబుల్ మందం గుంట లోతు దాటకుండా చూసుకోండి. చదును వాటి మీద వేయక తప్పకపోతే ఆటలో ఉన్న చిప్స్ అన్నిటికీ వేయండి, కొన్నిటికి వేసి కొన్నిటికి మానొద్దు.

రేడియం_బాబ్జీ

రాజా గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. ఇందుకే 'డోమ్ స్టిక్కర్' ఎవరైనా అంటగట్టబోతే ఒద్దనండి. పైన రెసిన్ పోసి ఉబ్బెత్తుగా చేస్తారు. కీచెయిన్‌కి బాగుంటుంది, చిప్పుకి వేస్తే దొంతర నిలబడదు.

మోడరేటర్

ఒక చిన్న గమనిక. ఇక్కడ చర్చ చిప్స్ గురించి, పందేల గురించి కాదు. ఇండియాలో ఉన్న సభ్యులు డబ్బు పెట్టి ఆడే సంగతులు ఇక్కడ రాయొద్దు. రమ్మీ నైపుణ్యం మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో చెప్పిన మాట నిజమే. దాన్ని పట్టుకుని పోకర్‌కీ, ఇంట్లో పందేలకీ అదే వర్తిస్తుందని వాదించకండి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను గట్టిగా సవరించాయి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఫోన్ నంబర్లు, షాపు అడ్రసులు కూడా పోస్టుల్లో పెట్టొద్దు, ప్రైవేట్ మెసేజ్ వాడుకోండి.

ఫ్రిస్కో_శీను

మోడరేటర్ గారూ, మాది పాయింట్ల ఆటే. ఓడినవాడు మర్నాడు అందరికీ టిఫిన్ పెట్టాలి, అంతే. ఇక్కడ టెక్సస్‌లో కూడా సొంతింట్లో ఆడుకోవడానికి మినహాయింపు ఉంది గానీ, ఇల్లుగలవాళ్లు ఆట మీద వాటా లాంటిది తీసుకోకూడదు. మాకు ఆ గొడవే లేదు.

రాజా గారూ, సిరామిక్ చూశాను. బాగున్నాయి. కానీ మావాళ్లందరూ కలిసి కొన్న మొదటి పెట్టె ఇది, దీన్ని పక్కన పడేయడం ఇష్టం లేదు. గుంట కొలిచాను, 25.6 వచ్చింది. లేబుల్ 25కి ఖాయం చేస్తున్నా. రమ్మీ ఆలోచన మా మావగారికి చెప్తే 'ముందు అవే చేయించు' అన్నారు.

లిపి_లావణ్య

సరే, డిజైన్.

25 మి.మీ. అంటే మన పాత రూపాయి బిళ్ల అంత. అందులో చాయ్ గ్లాసు, పొగలు, సాసరు, కింద బ్యాచ్ పేరు, పైన కాలేజీ పేరు, మధ్యలో అంకె అన్నీ పెట్టాలని చూస్తారు. అన్నీ పెడితే ఏదీ కనపడదు. బల్ల అవతల కూర్చున్నవాడికి చదవాల్సింది అంకె ఒక్కటే. అంకె ఎత్తు కనీసం 8 మి.మీ. ఉండాలి. బొమ్మ అంకె వెనక లేత రంగులోనో, అంకె కిందనో ఉండాలి. సన్నటి గీతలు వద్దు, నిండు ఆకారాలు పెట్టండి. మీ మీసాల ఐడియా అందుకే బాగుంది, నల్లగా ఒకటే ముద్ద ఆకారం. సాంబారు బకెట్టు కూడా ఫర్వాలేదు. బిర్యానీ పొట్లం మాత్రం ఆ సైజులో చూస్తే చెత్త కవరులా ఉంటుంది, ఆలోచించండి 🙂

ఫైల్ కనీసం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయండి. 300లో 25 మి.మీ.కి వచ్చేది 295 పిక్సెళ్లే, చిన్న అక్షరాల అంచులు పళ్లు పళ్లుగా కనబడతాయి. వెక్టర్ (ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మ) చేస్తే ఆ గొడవే ఉండదు. బ్యాక్‌గ్రౌండ్ రంగు చుట్టూ ఒక మిల్లీమీటరు బయటికి పొడిగించండి, అంటే 27 మి.మీ. వృత్తం. కత్తి కాస్త పక్కకి జరిగినా తెల్ల అంచు రాదు. అంకె, బొమ్మ అంచుకి మిల్లీమీటరున్నర లోపలే ఉంచండి.

తెలుగు అక్షరాలు. ఫాంటు బొద్దుగా ఉండాలి. రామభద్ర, బాలూ తమ్ముడు లాంటివి ఈ పనికి సరిపోతాయి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. చిన్న సైజులో అసలు సమస్య ఒత్తులది. 'ఉస్మానియా బిస్కెట్టు' అని రాస్తే మవత్తు, టవత్తు కింద చేరి, ఇంకు నిండి చుక్కల్లా అయిపోతాయి. ఒత్తులు లేని పొట్టి మాటలు ఎంచుకోండి. 'చాయ్', 'మీసం', 'బకెట్'. లేదా అసలు మాటలే వద్దు, బొమ్మ చాలు.

అంకెలు తెలుగులో వేద్దామా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ౨౫, ౧౦౦ అని. చూడ్డానికి అందంగా ఉంటుంది, ఒప్పుకుంటా. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లలో ఎంతమంది ౭, ౯ తడుముకోకుండా చదువుతారు?

కూకట్‌పల్లి_కిట్టు

నేను చదవలేను. బాబాయి గారు చదువుతారు.

బెజవాడ_బాబాయి

చదువుతాను. మా చిన్నప్పుడు పంచాంగాల్లో అవే. అయినా నాకు 20 అని ఉంటేనే సుఖం, కళ్లజోడు వెతుక్కోనక్కర్లేదు. కావాలంటే అంకె 20 పెద్దది పెట్టి, ఆ పక్కన అలంకారానికి ౨౦ చిన్నది పెట్టుకోండి.

నైట్‌షిఫ్ట్_నాని

చాలా రోజులుగా చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. నాకు ఎరుపు, పచ్చ తేడా సరిగా తెలియదు, పుట్టుకతోనే. రాజా గారు చెప్పిన లెక్కలో ఎరుపు 100, పచ్చ 1000. నాలాంటివాడు మీ బల్ల దగ్గర ఉంటే దొంతర పక్కనుంచి చూసి రెండూ ఒకటే అనుకుంటాడు. అంకె పైన ఉంటుంది, దొంతరలో కింద ఉన్నవాటిది కనపడదు. మీ బ్యాచ్‌లో అందరినీ ఒకసారి అడగండి, మామూలుగా ఎవరూ తమంతట తాము చెప్పరు.

రివర్_రాజా

నాని గారూ, మంచి మాట చెప్పారు. నాకూ ఆ రంగుల మీద ఇంకో అభ్యంతరం ఉంది. అమెరికా క్యాసినోల్లో ఎరుపు 5, పచ్చ 25, నలుపు 100 అన్నది పాతుకుపోయిన అలవాటు. వెగాస్ వెళ్లొచ్చినవాళ్లు పచ్చ చూడగానే 25 అనుకుంటారు. మా బెంగళూరు బల్ల దగ్గర అయితే నేను పచ్చని 1000 చేయనివ్వను. శీను గారి పెట్టెలో మాత్రం నలుపు యాభయ్యే, 100లు ఎనభై కావాలి. పెట్టెలో ఉన్నదాన్ని బట్టే వెళ్లాలి, ఇంకో దారి లేదు.

నాని గారి సమస్యకి చిన్న ఉపాయం. పచ్చ చిప్స్ అంచు మీద ఉండే తెల్ల పట్టీల్లో సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో నల్లగీత ఒకటి పెట్టండి. పక్కనుంచి చూసినా తెలుస్తుంది. కొంతకాలానికి అరిగిపోతుంది, మళ్లీ పెట్టుకోవాలి.

ఫ్రిస్కో_శీను

నాని గారూ, గ్రూపులో అడిగాను. ఒకడు వెంటనే 'నాకూ అంతే, ఇన్నాళ్లూ పక్కవాణ్ణి అడిగి వేస్తున్నా' అన్నాడు. ఇన్నేళ్లుగా కలిసి ఆడుతున్నాం, మాలో ఒక్కడికీ తెలియదు. థాంక్స్ అండీ. నల్లగీతలు ఖాయం.

బాబ్జీ గారూ, మా బావమరిది రాజమండ్రిలోనే ఉంటాడు. మీకు మెసేజ్ పెట్టాను. ఫైల్ మీకు ఎలా పంపాలి? ఎన్ని షీట్లు పడతాయి?

రేడియం_బాబ్జీ

చూశాను అండీ. మా దగ్గర డిజిటల్ ప్రింట్ 12×18 అంగుళాల షీటు మీద. 25 మి.మీ. లేబుల్, మధ్యలో 3 మి.మీ. ఖాళీ అనుకుంటే అడ్డంగా పది, నిలువుగా పదిహేను. షీటుకి 150. మీ 600కి సరిగ్గా నాలుగు షీట్లు. అయిదు కొట్టిస్తా. అంటించేటప్పుడు పాడయ్యేవి పాడవుతాయి, పైగా ఇంకోసారి కొట్టిస్తే రంగు అచ్చం ఇలాగే వస్తుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. రమ్మీవి వేరే షీటు.

కోత 'హాఫ్ కట్'. అంటే స్టిక్కర్ తెగుతుంది, కింద కాగితం తెగదు. ఒక్కొక్కటి లాక్కుని అంటించుకోవడమే. కత్తెరతో గుండ్రంగా 600 కత్తిరించడం మనవల్ల కాదు.

ఫైల్ ముఖ్యం. లావణ్య గారు చెప్పనిది ఒకటి ఉంది. ఇక్కడ డీటీపీ షాపుల్లో ఇప్పటికీ 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లతో పనిచేసేవాళ్లు ఎక్కువ. మీరు ఫోన్లో టైపు చేసి వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్. అది వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో పేస్టు చేస్తే డబ్బాలు, ప్రశ్నార్థకాలు వస్తాయి. వాళ్లు మళ్లీ చేత్తో టైపు చేస్తారు, అక్కడ తప్పులు పడతాయి. అందుకని అక్షరాలన్నీ కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని గీతలుగా) మార్చి పీడీఎఫ్ పంపండి. అప్పుడు ఏ కంప్యూటర్లో తెరిచినా బొమ్మలాగే ఉంటుంది.

రంగులు సీఎంవైకేలో (ప్రింటింగ్ ఇంకుల పద్ధతి) పెట్టండి. ఫోన్ స్క్రీన్ మీద నిండు నీలం ప్రింట్‌లో ఊదాగా మారిపోవచ్చు. ముందు ప్రతి డిజైన్ ఒక్కొక్కటి కొట్టి మీ బావగారికి ఇస్తా. వాటిని రాత్రి మీరు ఆడే లైటు కింద చూడమనండి, పగలు కిటికీ దగ్గర కాదు. డైనింగ్ టేబుల్ మీద పసుపు లైటు కింద ముదురు నీలం, నలుపు ఒకటే.

ఫ్రిస్కో_శీను

ఆయన మా బావమరిది, బావ కాదు. బావ అంటే మళ్లీ గౌరవం అడుగుతాడు 😀

అంటించడం ఎలాగో కూడా చెప్పండి. 600 అంటే భయంగా ఉంది.

రేడియం_బాబ్జీ

చిప్పు కింద పాత టవల్ పరుచుకోండి, జారకుండా ఉంటుంది. లేబుల్‌ని వేలితో పట్టుకోవద్దు, వేలి జిడ్డు జిగురుకి అంటుకుని ఆ మూల ఎప్పటికీ సరిగా పట్టదు. బ్లేడు మొనతో అంచు లేపి, ఆ మొన మీదే లేబుల్ నిలబెట్టండి. గుంట పైఅంచుకి ముందు ఆనించి, కింది అంచు నెమ్మదిగా వదలండి. సరిగ్గా కూర్చుందనుకున్నాక మధ్యలోంచి బయటికి బొటనవేలితో నొక్కండి. అంచు నుంచి మధ్యకి నొక్కితే గాలి బుడగ ఇరుక్కుంటుంది.

చెయ్యి కుదరకపోతే మేము కారు అద్దాలకి చేసే పద్ధతి ఉంది. స్ప్రే సీసాలో నీళ్లు, ఒక చుక్క గిన్నెల లిక్విడ్ సోపు. గుంటలో కాస్త చల్లి లేబుల్ పెడితే వెంటనే అంటుకోదు, అటూ ఇటూ జరిపి మధ్యకి తెచ్చుకోవచ్చు. తర్వాత గుడ్డతో గట్టిగా ఒత్తి నీళ్లు బయటికి తోసి, ఒక రోజు దొంతర పెట్టకుండా ఆరనివ్వాలి. ఇది వినైల్‌కే, కాగితానికి పనికిరాదు.

ఒక పక్క అందరూ కలిసి పూర్తి చేశాకే రెండో పక్క మొదలుపెట్టండి. ఒక రంగు తర్వాత ఒక రంగు. రెండు రంగుల షీట్లు ఒకేసారి బల్ల మీద ఉంటే నీలం చిప్పు మీద 1000 పడుతుంది, పందెం.

కూకట్‌పల్లి_కిట్టు

పందెం అనే మాట వాడారు, మోడరేటర్ గారూ చూడండి.

మోడరేటర్

చూశాను. ఈసారికి వదిలేశాను.

లిపి_లావణ్య

శీను గారూ, డీలర్ బటన్ (ముక్కలు పంచే వంతు ఎవరిదో చూపే బిళ్ల) మర్చిపోకండి. దానికి స్టిక్కర్ ఎందుకు, ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేవాళ్ల దగ్గర అంకుడు కర్రతో ఒక గుండ్రటి బిళ్ల తిప్పించండి. అరచేతిలో సగం వెడల్పు చాలు. లక్క రంగు కాబట్టి స్టిక్కర్‌లా ఊడేది లేదు, చేతికి నున్నగా ఉంటుంది. మీ బావమరిదికి రాజమండ్రి నుంచి మరీ దూరమేం కాదు.

రివర్_రాజా

అది బాగుంది. నాకూ ఒకటి కావాలి.

ఇంకొకటి. చిప్స్ మీద రూపాయి గుర్తు, డాలరు గుర్తు వేయకండి, ఉత్త అంకె చాలు. ఆడేది పాయింట్లకే అయినప్పుడు ఆ గుర్తు లేనిపోని అనుమానాలకి దారి. నిజం క్యాసినోల లోగోలు, వాటి చిప్స్ డిజైన్లు అసలే కాపీ కొట్టొద్దు. అలాంటివి ఇక్కడ చాలామంది సరదాకి అడుగుతుంటారు. అది నకిలీ చిప్పు అనిపించుకునే ప్రమాదం ఉంది.

ఫ్రిస్కో_శీను

సరే, లెక్క ఇలా తేలింది. తెలుపు 25 చాయ్ గ్లాసు, ఎరుపు 100 బిస్కెట్, నీలం 500 బకెట్, పచ్చ 1000 బిర్యానీ (లావణ్య గారూ, పొట్లం తీసేసి హండీ పెట్టాం), నలుపు 5000 మీసం. మ్యాట్ వినైల్, 25 మి.మీ., హాఫ్ కట్. మిగిలిన తెల్లవి, ఎర్రవి, నల్లవాటి మీద బాబాయి గారి 1, 5, 20, అంచు చుట్టూ ముగ్గు చుక్కలు. వార్డెన్ గారి మీసాల గురించి ఆయన్నే అడిగాం. 'వేసుకోండిరా, కానీ తెల్లబడ్డ మీసం వేయండి, నల్లది అబద్ధం అవుతుంది' అన్నారట. నల్ల చిప్పు మీద తెల్ల మీసం బాగానే కనబడుతుందని డిజైన్ చేసేవాడు కూడా అంటున్నాడు.

ఒకే ఒక్క అనుమానం మిగిలింది. డిసెంబరులో వచ్చేవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఇలాంటిదే ఇంకో పెట్టె ఇండియాకి పట్టుకెళ్తామంటున్నారు. ఫ్లయిట్‌లో ఇబ్బంది ఉంటుందా?

రివర్_రాజా

500 చిప్స్, 13.5 గ్రాములు అంటే 6 కిలోల 750. పెట్టెతో కలిపితే 8 దాటుతుంది. మన దేశీ ఎయిర్‌లైన్స్‌లో చాలావాటికి క్యాబిన్ బ్యాగు పరిమితి 7 కిలోలే. పైగా అన్ని ఇనుప బిళ్లలు ఒకేచోట ఉంటే స్కానర్‌లో నల్లటి దిమ్మెలా కనబడి బ్యాగు విప్పమంటారు. చెక్-ఇన్‌లో వేయమనండి. నలుగురు వస్తుంటే తలా 125 పంచుకుంటే ఇంకా నయం, అల్యూమినియం పెట్టె ఇక్కడే దొరుకుతుంది.

బెజవాడ_బాబాయి

పెట్టె దాకా ఎందుకు, లేబుల్ షీట్లు పంపించు చాలు. చిప్స్ బీసెంట్ రోడ్డులో దొరుకుతాయేమో నేనే చూస్తా. గుంట సైజు 25.6 అన్నావు కదా, కాలిపర్ మా మనవడి దగ్గర ఉంది.